కత్తిపీట లోపల, పిస్టల్ బయట

కొత్తగా ఖాకీ వేసుకుంటున్న ఆడపిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని మొన్న ఒక శిక్షణ కేంద్రం వాళ్లు పిలిచారు. పది నిమిషాలు ఇచ్చారు. క్రమశిక్షణ, సేవ, త్యాగం అని ఏదో చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే నా మీద నాకే చిరాకేసింది. పాపం, ఆ పిల్లలు రాసుకోవడానికి నోట్‌బుక్కులు కూడా తెచ్చుకున్నారు. అందుకని అక్కడ చెప్పనివి ఇక్కడ రాస్తున్నాను. నాకొచ్చిన పతకాల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవి రెండే, రెండూ ఎన్నికల డ్యూటీలో ఎండకు పడిపోకుండా నిలబడినందుకు ఇచ్చారు.

నా పేరు యాదమ్మ. ఏఎస్‌ఐగా రిటైరయ్యాను, వారాసిగూడలో ఉంటాను. ఉద్యోగంలో చాలా ఏళ్లు తార్నాక, యూనివర్సిటీ క్యాంపస్ పరిధిలో ఉన్న ఒక స్టేషన్‌లో రైటర్‌గా చేశాను. రైటర్ అంటే స్టేషన్‌లో ప్రతి కాగితం రాసే మనిషి. ఫిర్యాదు, వాంగ్మూలం, పంచనామా, పట్టుకున్న వస్తువుల రిజిస్టర్ అన్నీ ఆ చేతి మీదుగానే పోవాలి. శిక్షణలో తప్ప నేను ఏనాడూ తుపాకీ పేల్చలేదు. తుపాకుల గురించి మాత్రం తెగ రాశాను.

మా రాత ఎట్లా ఉండేదంటే

ముందు మీకు రెండు అలవాట్లు తెలియాలి. అవి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మొదటిది, ఏ రైటరూ కొత్తగా రాయడు. పాత కేసులో బాగా కుదిరిన కాగితం ఒకటి తీసి పేర్లు, తేదీలు, వస్తువులు మార్చి దించేస్తాడు. దాన్ని నమూనా అంటాం. నాకు పని నేర్పిన హెడ్ కానిస్టేబుల్ కాచిగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. "యాదమ్మా, సొంత తెలివి పెట్టకు. పెట్టినవా, కోర్టుల వకీలు ఉతికి ఆరేస్తడు. పాతది కోర్టు ఒప్పుకున్నది గద, గదే దించు" అనేవాడు. కంప్యూటర్ వచ్చాక ఇంకా సులువైంది, పాత ఫైలు తెరవడం, పేర్లు మార్చడం. అప్పుడప్పుడు తేడా కొట్టేది. ఒకసారి గేదె పోయిన కేసు నమూనాతో మోటార్ సైకిల్ దొంగతనం రాశాం. పోయిన బండి గుర్తుల్లో "నలుపు రంగు, ఎడమ కొమ్ము విరిగినది" అని మిగిలిపోయింది. ఆ బండి దొరికింది కూడా. కొమ్ము గురించి ఎవరూ అడగలేదు.

రెండోది, పెద్దసార్లు కాగితం చదవరు. సంతకం ఎక్కడ పెట్టాలో రైటర్ పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెడుతుంది. సారు ఫోన్ మాట్లాడుతూనే ఆ గుర్తుల మీద సంతకాలు పెట్టుకుంటూ పోతాడు. "యాదమ్మ రాసిందంటే మళ్ల చూసేదేమున్నది" అని మా సార్లు పదిమందిలో అంటే నేను ఎంత పొంగిపోయేదాన్నో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ పొంగిపోయిన మాట నిజం.

ప్రొఫెసర్ గారి తుపాకీ

అది ఆవకాయల కాలం. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండే బాటనీ ప్రొఫెసర్ గారి ఇంటి నుంచి ఆయన భార్య విమల టీచర్ వందకు ఫోన్ చేసింది. ఆమె నూనె కాచి, కారం కలిపి, మామిడికాయలు కొడుతూ కూర్చున్న రోజే ఆయన చెప్పాపెట్టకుండా పదిహేడుమంది విద్యార్థులను భోజనానికి పిలిచాడు. మాటా మాటా పెరిగింది. ఆయన కోపం పట్టలేక ట్రంకుపెట్టెలోంచి తాతగారి ఒంటి గొట్టం తుపాకీ తీశాడు. ఊళ్లో పొలం మీద పడే అడవి పందుల కోసం ఎప్పుడో లైసెన్సు తీసుకున్నది. దాన్ని చేతిలో పట్టుకుని "ఈ ఇంట్ల నేనన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె" అన్నాడు.

ఆ మాట అన్నాక ఆ తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు. విమల టీచర్ ఫోన్ చేయడం మంచి పని. మేం పోవడం కూడా మంచి పనే. పోయిన తీరే పెళ్లి ఊరేగింపులా ఉంది.

రెండు బండ్లలో ఎనిమిదిమందిమి పోయాం. మా ఇన్‌స్పెక్టర్ రఘువీర్ సారే ముందుండి నడిపించాడు. హాస్టల్ పిల్లలు గోడలెక్కి ఫోన్లలో తీస్తున్నారు. ప్రొఫెసర్ గారు అప్పటికే చల్లబడి, విద్యార్థులకు పప్పు వడ్డిస్తున్నాడు. మమ్మల్ని చూసి "మీరెంతమంది? విస్తర్లు సరిపోతాయా?" అని అడిగాడు. మా సారు నవ్వలేదు. ఇల్లంతా వెతకమన్నాడు. తుపాకీ దొరికింది. దానితోపాటు ఆకుపచ్చ బూజు పట్టిన మూడు తూటాలు, మనవడి దీపావళి తుపాకీ, చివరికి విమల టీచర్ ముందున్న పెద్ద ఆవకాయ కత్తిపీట కూడా "మారణాయుధం" కింద బండెక్కాయి.

"సారూ, తుపాకీ తీస్కపొమ్మని ఫోన్ చేసిన, కత్తిపీట ఎందుకు? గిన్ని కాయలు నేనేం జెయ్యాలె?" అని ఆమె బండి వెంట పడింది.

మా సారు ఆగి, హాస్టల్ పిల్లల ఫోన్లన్నిటికీ వినపడేటట్టు చెప్పాడు. "అమ్మా, ఇంట్ల ఆడమనిషి భయపడ్డదంటె ఆయుధం ఆ ఇంట్ల ఉండొద్దు. ప్రొఫెసరైనా, ఎవడైనా, చట్టం ముందట అందరు ఒకటే." పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ ఒళ్లు పులకరించింది.

స్టేషన్‌కు వచ్చి పంచనామాలో ముఖ్యమైన వాక్యం సారే స్వయంగా చెప్పి రాయించాడు. "కుటుంబ తగాదాలో ఆయుధం చూపినందున, భార్య ప్రాణాలకు ముప్పు ఉన్నదని నమ్మి, భర్త అధీనంలోని ఆయుధాన్ని తక్షణం స్వాధీనం చేసుకోవడమైనది. కోర్టు ఉత్తర్వు లేనిదే ఏ పరిస్థితిలోనూ తిరిగి అతని చేతికి ఇవ్వరాదు." అద్భుతంగా కుదిరింది. కంప్యూటర్‌లో నమూనాల్లో దాచుకున్నాను.

విమల టీచర్ కత్తిపీట కోసం మూడుసార్లు స్టేషన్‌కు వచ్చింది. కోర్టు విడుదల చేస్తే తప్ప ఇవ్వకూడదు. మూడోసారి మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడి మమ్మల్ని కడిగిపారేశారు. కాయలన్నీ పండిపోయి కోతుల పాలయ్యాయట. మా స్టేషన్ మొగుడూపెళ్లాలను కలిపింది అంటే అదొక్కసారే.

శైలజ మొదటిసారి వచ్చినప్పుడు

రఘువీర్ సార్ గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. నా భర్తకు గుండె ఆపరేషన్ అయినప్పుడు అడక్కుండానే సెలవు రాసి, బండి పంపించి, ఆస్పత్రిలో ఒక పూట కూర్చున్నాడు. కిందివాళ్లను అమ్మనాబూతులు తిట్టే సార్ల దగ్గర పనిచేసి వచ్చిన నాకు ఆయన దేవుడిలా కనిపించాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మంచి బాస్ దగ్గర చేసే తప్పులు చెడ్డ బాస్ దగ్గర చేసేవాటికన్నా పెద్దవి.

ఆవకాయల కాలం పోయి వానలు మొదలయ్యాయి. ఒకరోజు సారు మీటింగ్‌కు పోయిన సమయం చూసుకుని ఆయన భార్య శైలజ వచ్చింది. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. తార్నాకలోనే ఇల్లు. ఎప్పుడు కనబడినా అక్కా అని నవ్వుతూ పలకరించే పిల్ల, ఆ రోజు నవ్వలేదు. నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని గొడుగు ఒళ్లో పెట్టుకుంది.

"అక్కా, అన్నం తినేటప్పుడు పిస్టల్ తీసి పళ్లెం పక్కన పెడుతడు. కూరల ఉప్పెక్కువైందనుకో, దాని మొన నా దిక్కు తిప్పుతడు. ఏం అనడు. తింటనే ఉంటడు."

"కొట్టిండా?"

"లేదక్కా. కొడితె మరకలన్న చూపిచ్చేదాన్ని."

నేనేం చేశానో ఉన్నదున్నట్టు రాస్తాను. కప్పూసాసరులో టీ తెప్పించాను, ఎందుకంటే సారు భార్య. తర్వాత ఇట్లా అన్నాను. "పని ఒత్తిడి తల్లీ. పోలీసోళ్ల ఇండ్లల్ల గివన్ని ఉంటయ్. నువ్వే జర సర్దుకో. సారు మనసు ఎన్నపూస." అంతటితో ఆగినా బాగుండేది. సాయంత్రం సారు రాగానే, ఇంటి మనిషిలా మేలు చేస్తున్నాననుకుని, "సార్, మేడం వచ్చిండ్రు, కొంచెం బాధలున్నరు" అని చెప్పాను. సారు నవ్వి "గట్లనా" అన్నాడు.

నెల తిరగకుండా శైలజ మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"చెప్పినవ్ గద అక్కా. ఇప్పుడు బల్ల మీద పెడ్తలేడు. దిండు కింద పెట్టుకుంటున్నడు, నా దిక్కు దిండు కింద." అంతే చెప్పి వెళ్లిపోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కాగితం మాత్రం రాయలేదు.

సారు సారును విచారించుట

ఆ పిల్ల ఊరికే కూర్చునే రకం కాదు. పై ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పిటిషన్ పంపింది. పై ఆఫీసు చేసేదేమిటంటే, ఏ పిటిషన్ వచ్చినా ఏ స్టేషన్ పరిధిలోదో చూసి ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కు విచారణ కోసం పంపడం. తార్నాక మా పరిధే. పిటిషన్ ముద్ర వేయించుకుని, నంబరు వేయించుకుని నిక్షేపంగా రఘువీర్ సారు బల్ల మీదికి వచ్చింది. ఆయన చదివి, మూల మీద "విచారించి నివేదించగలరు" అని రాసి, తన పేరు మీదే తానే పంపుకున్నాడు.

"యాదమ్మా, కూచో. వాంగ్మూలం రాయి" అన్నాడు.

"ఎవరిది సార్?"

"నాదే. రూల్ ప్రకారం పోవాలె గద. ప్రశ్న. మీ పేరు? జవాబు. రఘువీర్. ప్రశ్న. మీరు భార్యకు పిస్టల్ చూపించి బెదిరించినది నిజమేనా?" అని ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ కొంచెం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అదే నాకు విచిత్రం. "జవాబు. నిజం కాదు. ప్రశ్న. మరి ఆమె ఎందుకు అట్లా చెప్పుచున్నది? జవాబు. అపార్థము."

"సార్, ఇంకేమన్న అడుగుతరా?"

"చాలు. మనిషి నిజాయితీగానే చెప్తున్నట్టు కనబడుతున్నడు."

ఒట్టు, ఆ మాట అన్నాడు. పెన్సిల్ గుర్తులు పెట్టాను. వాంగ్మూలం ఇచ్చినవాడి చోట ఒక సంతకం, తీసుకున్నవాడి చోట ఒక సంతకం పెట్టాడు. దొంగ చేతికే తాళాలిచ్చారంటారే, మా దగ్గర తాళాలతోపాటు రిజిస్టర్ కూడా ఇచ్చారు.

ఆ నివేదిక పైకి పోయాక, మా సారు పైఅధికారి ఏసీపీ సారుకు ఎక్కడో అనుమానం తగిలింది. కేసు కట్టమని మాత్రం అనలేదు. "ఎందుకొచ్చిన లొల్లి, కొన్నిరోజులు పిస్టల్ స్టేషన్ల డిపాజిట్ చెయ్యి రఘూ" అని ఫోన్లో చెప్పాడు. మరి ప్రొఫెసర్‌కు చేసినట్టు స్వాధీనం చేసుకోవచ్చు కదా అని మా ఎస్సై ఒకసారి గొణిగాడు. దానికీ సారు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ప్రొఫెసర్ తుపాకీ ప్రొఫెసర్‌ది కాబట్టి ప్రభుత్వం తీసుకుంది. సారు పిస్టల్ ప్రభుత్వానిది. ప్రభుత్వం దగ్గరి నుంచి ప్రభుత్వం ఎట్లా తీసుకుంటుంది?

సరే, డిపాజిట్ మొదలైంది. రిజిస్టర్‌లో "అప్పగించినవారు" గడిలో రఘువీర్, "తీసుకున్నవారు" గడిలో రఘువీర్. సారు పొద్దున స్టేషన్‌కు రాగానే పిస్టల్ ఇనప బీరువాలో పెట్టేవాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు, ఇన్‌స్పెక్టర్ అంటే ఇరవై నాలుగు గంటలూ డ్యూటీయే కాబట్టి, డ్యూటీ నిమిత్తం అని రాసి తీసుకుపోయేవాడు. అంటే బీరువా పక్కన తాను కూర్చున్నంతసేపూ పిస్టల్ బీరువాలో భద్రంగా ఉండేది. శైలజ ఉన్న ఇంటికి పోయేటప్పుడు నడుముకు ఉండేది. ఏసీపీ ఆఫీసుకు వారం వారం నివేదిక పోయేది, "ఆయుధం డిపాజిట్ చేయబడినది" అని. అది రాసింది నేనే.

ఆ బీరువా పక్కనే ప్రొఫెసర్ గారి సామాను తెల్లగుడ్డలో, లక్క ముద్రలతో ఉండేది. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ అమ్మాయి ఒకరోజు అక్కడ ఊడుస్తూ అడిగింది. "మేడం, కత్తిపీట లోపల ఉన్నది, పిస్టల్ బయట తిరుగుతున్నది. ఇదేం రూల్ మేడం?"

"నీ పని నువ్ చూస్కో" అని కసిరాను. మీలో ఎవరైనా రేపు అట్లా అడిగితే మిమ్మల్నీ ఎవరో ఒకరు కసురుతారు. అయినా అడగండి.

మునక్కాయల సంచి

చలి వెనక్కి తగ్గుతున్న రోజులు. శనివారం. సారు ప్రతి శనివారం వెంకన్న పేరున తలంటు పోసుకుంటాడు, నూనె, కుంకుడు రసం కలిపి గంట పని. ఆ గంటలో శైలజ ఆటో దిగి స్టేషన్ మెట్లెక్కింది. భుజాన గుడ్డసంచి, అందులోంచి మునక్కాయలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. మునక్కాయలు ఒక్కొక్కటి తీసి నా బల్ల మీద పెట్టింది. వాటి కింద తువ్వాలులో చుట్టిన పిస్టల్ ఉంది.

"రసీదు రాయి అక్కా" అంది. "మందివి తీస్కుంటరు గద, మా ఇంట్లది గూడ తీస్కోండ్రి. నేనే మోసుకొచ్చిన, మీకు బండ్ల ఖర్చు గూడ లేదు."

ఇక చూడండి మా స్టేషన్ వీరత్వం. సెంట్రీ గదిలో నిలబడి ఈల ఊదాడు. ఎస్సై బల్ల కిందికి దూరాడు. ఎవడో డాగ్ స్క్వాడ్‌కు ఫోన్ చేశాడు, కుక్క వచ్చి ఏం చేయాలనుకున్నాడో ఇప్పటికీ చెప్పలేదు. నెలల తరబడి రోజూ పొద్దున, సాయంత్రం మా కళ్ల ముందే బీరువాలోంచి నడుముకు, నడుము నుంచి బీరువాలోకి తిరిగిన పిస్టల్ అది. ఆ రోజే మొదటిసారి అది ప్రమాదకరమైన ఆయుధమని అందరికీ తట్టింది. ఎందుకంటే ఒక ఆడమనిషి సంచిలో ఉంది.

పావుగంటలో సారు వచ్చాడు. పక్కింటివాళ్ల స్కూటర్ మీద, లుంగీ మీద, చెవిలో కుంకుడు నురగతో. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు.

"ఎట్ల తీసినవే? ఎప్పుడు తీసినవ్?"

"నువ్వు తలంటు పోస్కుంటుంటివి గద" అంది శైలజ.

"యాదమ్మా, రాయి! ప్రభుత్వ ఆయుధం దొంగతనం. లైసెన్స్ లేకుండ ఆయుధం ఉంచుకున్నది. సీజ్ జెయ్యి, అరెస్ట్ రాయి. ఎస్సై ఏడి?"

"సార్, నాకు బీపీ ఉన్నది" అని బల్ల కింది నుంచి వినిపించింది.

"అవసరం లేదు. నేనే సీజ్ చేస్తున్న. కాగితం తే."

శైలజ నా వైపు చూసింది. బతిమాలలేదు. నన్ను చూసిందంతే, ఇంకేం రాస్తావో రాయి అన్నట్టు. నాకు కోపం వచ్చింది. ముందు నా మీద, తర్వాత సారు మీద. ఆ కోపంలోనే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రొఫెసర్ గారి పంచనామా తెరిచాను.

పేర్లు మార్చాను. భర్త చోట రఘువీర్. భార్య చోట శైలజ. క్యాంపస్ క్వార్టర్స్ తీసి తార్నాక ఇల్లు పెట్టాను. "సదరు భార్య స్వయంగా హాజరుపరచగా" అని ఒక్క ముక్క చేర్చాను. సారు చెప్పి రాయించిన వాక్యం అక్షరం కదపలేదు. భార్య ప్రాణాలకు ముప్పు, భర్త అధీనంలోని ఆయుధం, తక్షణం స్వాధీనం, ఏ పరిస్థితిలోనూ తిరిగి అతని చేతికి ఇవ్వరాదు. స్వాధీనం చేసుకున్న అధికారి, రఘువీర్. చివర ఉన్న వస్తువుల జాబితా గబగబా మార్చి ప్రింట్ తీశాను.

పంచనామాకు ఇద్దరు బయటి సాక్షులు కావాలి. ఒకరు పక్కనున్న జిరాక్సు దుకాణం అతను, పోలీసు కాగితమంటే కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాడు. రెండో మనిషి మార్కుల మెమో పోయిందని ఫిర్యాదుకు వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థి. ఖర్మ, అతను చదవడం మొదలుపెట్టాడు. వేలు పెట్టి లైను లైను చదువుతున్నాడు. సారు రెండు గజాల దూరంలో నిలబడి తువ్వాలుతో చెవి తుడుచుకుంటున్నాడు.

"మేడం, ఇక్కడొకటి..." అన్నాడు విద్యార్థి.

నేను అడ్డుపడ్డాను. "సంతకం పెట్టు నాయనా. నీ మెమో పోయినట్టు సర్టిఫికెట్ రాసియ్యాల్నా, వద్దా?"

"కాదు మేడం, ఇందుల..."

"పెట్టు బిడ్డా!"

పెట్టాడు. కాగితాలు సారు ముందు పెట్టాను, మూడుచోట్ల పెన్సిల్ గుర్తులు. అప్పటికి ఆయన ఎవరికో ఫోన్లో "ఆడిదాన్ని చదివిస్తే గిట్లనే అయితది" అని చెబుతున్నాడు. చెబుతూనే మూడు సంతకాలు పెట్టాడు. రెండో శనివారం కాదు కాబట్టి కోర్టు ఉంది. పిస్టల్‌ను తెల్లగుడ్డలో కుట్టి, లక్క ముద్ర వేసి, కాగితాలతో సహా కోర్టు కానిస్టేబుల్‌ను బండి మీద పంపించాను. అతను మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

నాలుగో వస్తువు

సాయంత్రానికి ఏసీపీ సారు ఫోన్. "యాదమ్మా, ఏంది ఇది? రఘువీర్ భార్య ప్రాణాలకు ముప్పు ఉన్నదని రఘువీర్ నమ్మి, రఘువీర్ దగ్గర పిస్టల్‌ను రఘువీరే సీజ్ జేసిండా?"

"సారు సంతకం ఉన్నది సార్."

అవతల ఆయన నవ్వు ఆపుకుంటున్నాడో, పళ్లు కొరుకుతున్నాడో తెలియలేదు. కోర్టు ముద్ర పడ్డ కాగితం ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు. సంతకం పెట్టి స్వాధీనం చేసుకున్నవాడే భార్య దొంగతనం చేసిందని ఎట్లా అంటాడు? శైలజ మీద కేసు కట్టలేకపోయారు. ఆమె ఆ సాయంత్రమే సీతాఫల్‌మండిలో ఉన్న అక్క ఇంటికి వెళ్లిపోయింది. సారును కొన్నాళ్లు హెడ్ ఆఫీసుకు అటాచ్ చేశారు.

ఇక్కడితో అయిపోతే నేను వీరనారిని. వారం తర్వాత కోర్టు గుమస్తా ఫోన్ చేశాడు. "మేడం, జాబితాల నాలుగు వస్తువులు రాసిండ్రు. మూడే వచ్చినయ్. పిస్టల్, తూటాలు, మ్యాగజైన్. నాలుగోది ఏది?"

"నాలుగోదా? ఏముంది?"

"ఆవకాయ కత్తిపీట, పెద్దది, చెక్క పీటతో సహా."

నకలు తీసి చూశాను, ఉంది. ఆ విద్యార్థి వేలు పెట్టి చూపించింది అదే. భర్త చోట సారు పేరుందని బయటపెడతాడేమోనని నేను అతని నోరు నొక్కాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

మా డిపార్ట్‌మెంట్ అప్పుడు మేల్కొంది. పిస్టల్ గురించి ఆ పిల్ల చెప్పులరిగేలా తిరిగినా కదలని వాళ్లు, కత్తిపీట కోసం రెండు బండ్లలో ఎనిమిదిమంది రఘువీర్ సారు ఇంటికి పోయి అటక కూడా దించి వెతికారు. దొరకలేదు. కోర్టుకు చేరాల్సిన ఆయుధం మాయం చేశానని నాకు మెమో ఇచ్చారు. విచారణాధికారిని వేశారు. విద్యార్థిని పిలిస్తే "నేను చెప్పబోయిన, మేడం చెప్పనియ్యలే" అని నిజం చెప్పాడు. నేను రిటైరయ్యేదాకా ఆ విచారణ నడిచింది. అన్ని వాయిదాల్లో ఒక్కరు కూడా, ఒక్కసారి కూడా, పిస్టల్ అన్నం పళ్లెం పక్కకు ఎందుకు వచ్చిందని నన్ను అడగలేదు. చివరికి "అజాగ్రత్త" అని రాసి వదిలేశారు.

ప్రొఫెసర్ గారి లైసెన్సు రద్దయింది. న్యాయమే. రఘువీర్ సారుకు ఆర్నెల్లలో ఇంకో చోట పోస్టింగ్ వచ్చింది. పాత పిస్టల్ కోర్టులో ఉంది కాబట్టి కొత్త పిస్టల్ ఇచ్చారు.

పిల్లలూ, నేను చేసింది గొప్ప పనని చెప్పడం లేదు. ఎదురుగా నిలబడి "సార్, ఇది తప్పు" అనే ధైర్యం లేక, పెన్సిల్ గుర్తు చాటున చేశాను. మీకైనా నోరు రావాలి. నమూనాలో పేర్లు మార్చినంత తేలిగ్గా మనుషులను మార్చి చూడండి, ప్రొఫెసర్ చోట ఇన్‌స్పెక్టర్‌ను పెట్టి చూడండి. అప్పుడు కూడా అదే వాక్యం రాయగలిగితేనే అది చట్టం. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు ఉద్యోగమంతా పట్టింది.

శైలజ అడిగింది

విచారణకు శైలజను కూడా సాక్షిగా పిలిచారు. "మీ ఇంట కత్తిపీట కలదా?" అని ఆమెను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. లేదని చెప్పి బయటికొచ్చింది. ఇద్దరం తార్నాకలో బస్టాపు పక్కన హోటల్లో టీ తాగడానికి కూర్చున్నాం. మనిషి కాస్త ఒళ్లు చేసింది, నవ్వు తిరిగొచ్చింది.

"అక్కా, నిజం చెప్పు. మా ఇంట్ల లేని కత్తిపీట కాగితంల ఎట్లొచ్చింది?"

చెప్పాను. ప్రొఫెసర్ గారు, పదిహేడుమంది విద్యార్థులు, పండిపోయిన మామిడికాయలు, సారు గేటు ముందు ఉపన్యాసం, ఆ వాక్యం, నేను దాన్ని దాచుకోవడం అన్నీ చెప్పాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. నేనూ నవ్వాను. విచారణ మొదలయ్యాక నేను అట్లా నవ్వడం అదే మొదటిసారి.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "గా ప్రొఫెసర్ది ఎప్పుడు జరిగిందక్కా?"

"నువ్వు ఫస్ట్ స్టేషన్‌కు వచ్చినవ్ సూడు, దానికి ముందటి ఎండకాలం."

ఆమె నవ్వు ఆగిపోయింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అంటె నేను గొడుగు పట్టుకోని వచ్చి నీ ముందట కూసున్న రోజే, గా కాగితం నీ కంప్యూటర్ల ఉన్నదన్నట్టు."

"ఉన్నది" అన్నాను.

"పేర్లు మార్చెతందుకు ఎంతసేపు పట్టిందక్కా?"

"పది నిమిషాలు."

శైలజ తల ఊపింది. "నేను ఏడు నెలలు గా దిండు మీద పండుకున్న" అంది. కోపంగా అనలేదు. లెక్కల టీచర్ కదా, లెక్క చెప్పింది. నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చి, రోడ్డు దాటించి, బస్సెక్కించింది.